ఎలుకలకు కబూతర్ల మందు

బొంబాయి,
ఆదివారం

బాపుకు, అమ్మకు నర్సింలు కాళ్లు మొక్కి రాస్తున్నాను. నేను మంచిగానే ఉన్నాను. అమ్మ మోకాళ్ల నొప్పి తగ్గిందా? ఇంటి దగ్గర, జహనుమాలో వానలు పడుతున్నాయా? ఇక్కడ పదిహేను రోజులుగా ఒకటే ముసురు, ఆరని చొక్కాతోనే డ్యూటీకి పోతున్నాను. మెస్సులో పప్పులో కూడా బెల్లం వేస్తారు. అయినా కడుపు నిండా తింటున్నాను, ఫికర్ చేయకండి.

బాపూ, ఎలుకలకు మేత వేసే కొలువా అని బస్తీలో నవ్వినవాళ్లందరికీ ఈ ఉత్తరం చదివించు.

మా ల్యాబులో అణుకిరణాలు తగిలినవాళ్లను బతికించే మందు కోసం వెతుకుతున్నారు. ఆ కిరణాలు ఎక్కువగా తగిలితే ఒంట్లో రక్తం పుట్టడం ఆగిపోతుంది, చిన్న జబ్బుకే ప్రాణం పోతుంది. మందును ముందు ఎలుకల మీద చూస్తారు. ఒక గూట్లో వాటికి కిరణాలు పెట్టే ముందే సూదిమందు ఇస్తారు, రెండో గూట్లో వాటికి ఇవ్వరు. ముప్పై రోజులకు ఎన్ని బతికాయో చూస్తారు. నన్ను పనిలో పెట్టిన డాక్టరమ్మ, మన దిక్కు మొఘల్‌పురా ఆమె, మూడేళ్లుగా ఈ సూదిమందు మీదే ఉంది.

మొన్నటిసారి రెండు గూళ్లలోనూ దాదాపు సమానంగా బతికాయి. సూదిమందు దండగ, ఫైలు మూసేయమన్నాడు పెద్దసారు. డాక్టరమ్మ ఆ రోజు అన్నం ముట్టలేదు.

తప్పు నాది బాపూ. మందు ఇవ్వని ఎలుకలు తూగుతుంటే చూడలేకపోయాను. పారుడు రోగం పట్టిన మన పావురాలకు నువ్వు ఇచ్చే పచ్చపొడి, ఆ కబూతర్ల మందు టెట్రాసైక్లిన్, నా ట్రంకులోంచి తీసి వాటి నీళ్లలో కలిపాను. నీ కొడుకును కదా, చేయి ఊరుకోలేదు.

కొలువు పోతుందని తెలిసే వెళ్లి డాక్టరమ్మకు చెప్పేశాను.

"ఏం కలిపినవురా?" అంది.

"కబూతర్ల మందమ్మా. మా బాపు గట్లనే ఇస్తడు."

"గిన్ని దినాలు చెప్పకపోతివి? నా మూడేండ్ల కష్టం మట్టిల కలుస్తుండె." చాలాసేపు తిట్టింది. తర్వాత లెక్కల కాగితం మళ్లీ తీసి చూసి, "గవి బతికినయంటే నీ పొడి గూడ పనిచేసినట్టే గదరా" అంది.

పెద్దసారును బతిమాలి మళ్లీ మొదలుపెట్టింది. ఈసారి మూడు గూళ్లు. ఒకదానికి ఏమీ లేదు, ఒకదానికి సూది, మూడోదానికి ముందు సూది, తర్వాత నీళ్లలో పొడి. ఏమీ ఇవ్వని గూటి ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాను. ఏడుపొచ్చింది. రెండు వారాలకే అన్నీ పోయాయి. సూది ఇచ్చినవి సగానికి పైగా బతికాయి.

నిన్నటికి ముప్పై రోజులు. మూడో గూట్లో ఒక్కటీ పోలేదు. నన్ను చూసి మేత కోసం కంబీలు పట్టుకుని నిలబడ్డాయి. పెద్దసారు స్వయంగా రెండుసార్లు లెక్కపెట్టి నా భుజం తట్టాడు. గెలిచాం బాపూ. మనుషుల దాకా రావడానికి ఇంకా ఏళ్లు పడుతుందట, కానీ ఫైలు మూయరు. నా కొలువు కూడా పదిలమే.

పక్కింటి ఖాదర్ చాచాకు సలాం చెప్పు. అమ్మా, ఇటు వచ్చేవాళ్లెవరైనా ఉంటే చింతపండు పంపు. పెద్దవాళ్లందరికీ దండాలు, మీ దీవెన నా మీద ఉండాలి.

ఇంకో మాట బాపూ. ఆ పొడి మూకుడు నీళ్లకు ఎంత కలుపుతావు, ఎన్ని రోజులు ఇస్తావు, ఎప్పుడు ఆపుతావు, అన్నీ చెప్పి రాయించు. నీలాగే చిటికెడు వేశానంటే రిపోర్టులో చెల్లదట. ఇక్కడ ఇద్దరు డాక్టర్లు నీ జవాబు కోసం చూస్తున్నారు.

మీ కొడుకు
నర్సింలు