పేరు లేని వరుస

అక్కా, నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. నీ బిడ్డ స్వాతి పొద్దున మా ఇంట్లో కూర్చుని తన పని చేసుకుంటూ, కంప్యూటర్‌లో రక్తకణాల కొలతలున్న పెద్ద పట్టిక నుంచి ఒక్క నిలువు వరుసను బయటికి తీసింది. అంకెలన్నీ వచ్చాయి, పైన పేరు లేదు.

"దేని లెక్కనే గిది?" అన్నాను.

"ఒక్కటే తీస్తే పేరు పోతది చిన్నమ్మా. పేరు ఉంచుమని కంప్యూటర్‌కు చెప్పాలె, మర్చిపోయిన," అని నవ్వింది.

నువ్వు దవాఖానలో ఉన్నప్పుడు నేను రోజూ రాసిన నోటుబుక్కు తీశాను. జ్వరం, మందులు, నిద్ర. చివరి వరుసకు మాత్రం పేరు పెట్టలేదు. "గిదేందే?" అని నువ్వెన్నిసార్లు అడిగినా చెప్పలేదు. పన్నెండు, తొమ్మిది, నాలుగు, రెండు.

ఇవాళ పైన రాశాను: అక్క తిన్న ముద్దలు.

నెలాఖరు దాకా ముందే గీసి పెట్టిన గళ్లు కింద ఖాళీగానే ఉన్నాయి.