గోడ కింద సందు

మీకు నమస్కారాలు. ఇక్కడ అత్తయ్యా, పిల్లలూ, నేనూ బాగున్నాం. మీరూ వేళకు తింటున్నారనే అనుకుంటాను. అలా అనుకోకపోతే నాకు తిండి సహించదు.

గోడంతా విప్పాలా అని అడిగారు కదా, అక్కర్లేదట. అత్తయ్య గది బయటివైపు కింది రెండు చెక్క పలకలూ, వాటిని మోసే అడుగు దూలమూ మాత్రమే పుచ్చిపోయాయి. వేలు పెడితే తడిసిన రొట్టెలా ఊడొచ్చాయి. కొత్త దూలం వేసి, గోడ వారన మట్టి తీసి కంకర పోయడం అయింది. గదిలో ముక్కవాసన తగ్గింది. అత్తయ్య మళ్లీ తన మంచం మీదే పడుకుంటున్నారు.

ఎవరు చేశారని మీరు అడగలేదు. మీ తమ్ముడే. "వాడు నా ఇంట్లో ఇక మేకు కూడా కొట్టడానికి వీల్లేదు" అని మీరన్నది తెలిసి కూడా, పిలవకుండానే పనిముట్లు పట్టుకుని వచ్చాడు. "అన్నయ్య కోపం అన్నయ్యది వదినా. అమ్మ తడిలో పడుకుంటే నాకు నిద్ర పట్టొద్దూ?" అన్నాడు.

ఇంకా ఎంతసేపని నీళ్లు నములుతాను? ఈ గోడ కట్టినప్పుడు అతను పలకల అడుగున వేలెడు సందు వదిలాడు, గుర్తుందా? అశ్రద్ధ అనుకున్నాను. అందులోంచి చీమలు వస్తున్నాయని, మీరు ఊరెళ్లాక సిమెంటు కలిపి నేనే పూడ్చేశాను. తర్వాత గోడ చెమ్మెక్కితే, అతని పనే చెత్త పని అని మీకు రాసిందీ నేనే.

మొన్న మట్టి తీయగానే ఆ సిమెంటు బయటపడింది. "పలకల వెనక దిగిన వాన నీళ్లు పోవడానికని వదిలిన సందు ఇది. ఎవరు పూడ్చారు వదినా?" అన్నాడు. "నాకేం తెలుసు?" అనేశాను. దాని మీద నా వేళ్ల అచ్చులు, వంకర చిటికెన వేలితో సహా, స్పష్టంగా ఉన్నాయండీ. అతను ఒక్కసారి నా చేతి వైపు చూశాడు. అత్తయ్య అటు వచ్చేలోపు సుత్తితో దాన్ని పిండి చేశాడు.

భోజనాల దగ్గర అత్తయ్య, "తప్పెక్కడ జరిగిందిరా?" అని అడిగితే, "నా పనిలోనేనమ్మా" అని కంచం నా ముందుకు జరిపాడు. నేను వడ్డించాను.

ఇవాళ పొద్దున్న అత్తయ్యకు అంతా చెప్పేశాను. ఆవిడ నాతో ఇంకా మాట్లాడటం లేదు. మీరు నన్ను ఎన్ని తిట్లయినా తిట్టండి, పడతాను. కానీ ముందు మీ తమ్ముడికి రాయండి. క్షమించానని రాస్తారేమో, అలా రాయకండి. క్షమించమని రాయండి.

ఇట్లు,
తిట్లకు సిద్ధంగా ఉన్న
మీ భార్య