తొమ్మిదో కాలమ్

మార్చి 3, సోమవారం

పిటిషన్ వెనక్కొచ్చింది. ఫైలింగ్ కౌంటర్‌లో కళ్లజోడాయన తల ఎత్తకుండానే నా వైపు తోశాడు. తమ్ముడి హెబియస్ కార్పస్ ఒకటి ఇదివరకే డిస్మిస్ అయిందట. రెండోది వేయాలంటే ముందు పైకోర్టు పర్మిషన్ కావాలట. అంటే, అన్యాయంగా లోపల పెట్టారు మొర్రో అనడానికి కూడా ముందు అడిగి అనాలి. ఒళ్లు మండిపోయింది. ఆయన మాత్రం టీ చల్లారిపోతోందని లేచి వెళ్లాడు.

మార్చి 4

పర్మిషన్ ఫారం తెచ్చాను. పద్నాలుగు కాలమ్‌లు. తొమ్మిదోది: ఈ కారణాన్ని మొదటి పిటిషన్‌లో ఎందుకు చెప్పలేదు?

కారణం ఇదీ. దొంగతనం ఒప్పుకుంటూ తమ్ముడు సంతకం పెట్టాడంటున్న రోజున వాడి కుడిచెయ్యి వేళ్ల దాకా సిమెంటు కట్టులో ఉంది. కాగితం మీద సంతకం చూస్తే ముత్యంలా ఉంది. ఎడమచేత్తో వాడు చొక్కా గుండీ కూడా పెట్టుకోలేడు. ఆసుపత్రి రిజిస్టర్ నకలు కోసం ఏడు నెలలు చెప్పులరిగేలా తిరిగాను. శిక్ష ఇంకా ఆరేళ్లుంది.

మార్చి 7, మధ్యాహ్నం

లాయరుగారు నకలు చూసి మురిసిపోయారు. అంతలోనే నీరుగారిపోయారు. కాగితం కొత్తదేగానీ చెయ్యి కొత్తది కాదమ్మా, అది విరిగిన సంగతి మీవాడికి అప్పుడే తెలుసుగా, తెలిసీ చెప్పకపోతే కోర్టు వినదు అన్నారు. తెలియకుండా ఎవరి చెయ్యైనా విరుగుతుందా?

మొదటి పిటిషన్ ఎవరు తయారుచేశారని అడిగారు. ఎవరో జాబ్ టైపిస్టు అని చెప్పి వచ్చేశాను.

మార్చి 8

షాపు తెరవలేదు.

మార్చి 10

రాసెయ్యాలి. ఆ జాబ్ టైపిస్టుని నేనే. కోర్టు ఎదురుగా పదకొండేళ్లుగా ఇదే పని. ఊళ్లో అందరి పిటిషన్లూ టైపు కొట్టినదాన్ని, తమ్ముడిది ఇంకొకరికిస్తానా?

జైలు నుంచి వాడు రాసి పంపిన చిత్తు కాగితాలు డ్రాయర్‌లోనే ఉన్నాయి. నాలుగో పేజీలో చెయ్యి సంగతి అంతా ఉంది. దాని మీద అడ్డంగా నా ఎర్ర ఇంకు గీత. రుజువు లేనిదాన్ని పెడితే జడ్జి చిరాకు పడతారని, సాక్షుల పాయింటు ఒక్కటే బలంగా ఉంచుదామని ఆ పేరా ఎత్తేశాను. వాడిని ఒక్క మాట అడగలేదు. నా తెలివి తెల్లారినట్టే ఉంది. ఇన్నాళ్లూ కళ్లజోడాయన మీద, లాయరు మీద, జడ్జి మీద పళ్లు నూరుతూ తిరిగాను.

మార్చి 12

జైల్లో ములాఖత్. ఇనుప జాలీ అవతల ఉన్న వాడికి చెప్పేశాను. తిడతాడనుకున్నాను. తిట్టినా బాగుండేది. నేనే చెప్పడం మర్చిపోయానని రాసెయ్ అక్కా, లేకపోతే ఇక నీ షాపుకి ఎవరొస్తారు అన్నాడు. పుట్టి బుద్ధెరిగాక వాడి మీద నాకంత కోపం రాలేదు. లోపల మగ్గుతున్నది తను, బెంగ నా షాపు మీద.

లాయరుగారికి ఫోన్ చేసి నిజం చెప్పాను. నీ పొరపాటైనా వాడి పొరపాటుగానే చూస్తారమ్మా, ఏది రాసినా కష్టమే అన్నారు.

ఏది రాసినా కష్టమే అయితే ఇంక అబద్ధం దేనికి?

మార్చి 13, ఉదయం 10.30

తొమ్మిదో కాలమ్ టైపు కొట్టాను: చెప్పాడు. తీసేసింది నేను.

ఎర్ర గీత పేజీ జతచేశాను. కళ్లజోడాయన రెండుసార్లు చదివి, తల ఎత్తి నన్ను చూసి, ఫారం మీద ఫైలింగ్ నంబరు వేశాడు.