ఓడ బొమ్మ నాణెం కొనకు

చిరంజీవి చిన్నోడికి,

అక్క మనసారా దీవించి రాస్తున్నది. ఇక్కడ నేనూ అత్తయ్యా బాగున్నాం. అక్కడ నువ్వూ మరదలూ కులాసాగా ఉన్నారని తలుస్తాను.

"ఆ నాణెం కొనకు, ఉత్తరం రాస్తున్నాను" అని ఫోనుకి ఒక్క ముక్క పెట్టి ఊరుకున్నాను కదా, కంగారు పడే ఉంటావు. ఫోనులోనే చెప్పొచ్చు. కానీ ఫోనులో అయితే రెండు మాటలకోసారి "అక్కా, ఏడుస్తున్నావా?" అంటావు. లేదని నిన్ను నమ్మించడానికే సరిపోతుంది. నిజంగానే లేదురా. మీ బావ పోయిన దగ్గర్నుంచి నాకు ఏడుపు రాలేదు. పన్ను పీకే ముందు మత్తు సూది వేస్తే దవడ ఎలా ఉంటుందో అలా ఉంది. చెయ్యి పెట్టి చూసుకుంటే ఉన్నట్టే ఉంటుంది, లోపల్నుంచి మాత్రం ఏమీ తెలియదు.

ముందు నువ్వు అడిగినవాటికి జవాబులు. అత్తయ్య మోకాళ్ళ నొప్పి తగ్గలేదు. "తగ్గిందా అని అడిగితే, అలవాటైందని రాయి" అంది. నేను వేళకి తింటున్నాను. పళ్ళ ల్యాబులో పని ఎప్పటిలాగే ఉంది. పోయిన వారం ఒక పెద్దాయన మేము చేసిన పళ్ళ సెట్టు వెనక్కి తెచ్చి, "ఇది పెట్టుకుని నవ్వితే అచ్చం మా తమ్ముడిలా ఉన్నానమ్మా, వాడికీ నాకూ పడదు, మార్చెయ్యి" అన్నాడు. అందరూ పడీ పడీ నవ్వారు. నేనూ నవ్వాననే అనుకుంటాను. మరదలికి కొత్త ఉద్యోగం కుదిరిందని విని సంతోషించాను. అలా రాయడం సరికాదు, సంతోషించాలని మాత్రం నాకు తెలిసింది. ప్రస్తుతానికి అంతమాత్రమే చేతనవుతోంది, ఏమీ అనుకోవద్దని చెప్పు.

ఇక నాణెం సంగతి. "బావ దగ్గర ఉండే ఓడ బొమ్మ వెండి నాణెం లాంటిదే పాత వస్తువులు అమ్మే యాప్‌లో కనబడింది. నువ్వెటూ అన్నీ అమ్మేశావు కదా, ఇదైనా కొని నీకిద్దామనుకుంటున్నాను. అసలుదో కాదో నువ్వే చెప్పాలి" అని రాసి, ఆ ప్రకటన కాగితం మీద అచ్చు తీయించి మరీ పంపావు. నీ మనసు మంచిదిరా. ఆ అమ్మేవాడి మనసు మంచిది కాదు.

మీ బావ కూడా మొదట్లో బోల్తా పడినవాడే. లిఫ్టులు బాగుచేసి నూనె చేతులతో ఇంటికొచ్చి, స్నానం చేసి, దీపం కింద భూతద్దం పట్టుకుని కూర్చునేవాడు కదా. ఒకసారి యాప్‌లో చవకగా దొరికిందని ఒక వెండి నాణెం తెప్పించాడు. రాత్రంతా దాన్ని చూసి మురిసిపోయాడు. పొద్దున నేను చేతిలోకి తీసుకుని, "ఇది మా ల్యాబులో పోసినట్టుందే" అన్నాను. పంటి తొడుగు పోత పోసేటప్పుడు గాలి చిక్కుకుంటే సూది మొనంత గుంటలు పడతాయి. ఆ నాణెం మీద అవే గుంటలు. అంచు చుట్టూ రెండు అచ్చులు కలిసిన గీత కూడా ఉంది. అసలు నాణెం పోత పోసింది కాదు, గట్టిగా అచ్చు గుద్దింది. దాని మీద అక్షరాల అంచులు కోసినట్టు నిలబడతాయి. పోతలో అవి నానిన సబ్బు మీద అక్షరాల్లా మెత్తబడిపోతాయి.

మీ బావ ఒప్పుకోలేదు. మార్కెట్ వీధిలో నాణేల షాపాయన దగ్గరికి ఇద్దరం వెళ్ళాం. ఆయన దాన్ని తూకం వేసి, అంచు చూసి, "దీన్ని పోసినవాడెవడో గానీ బాబూ, పాపం బాగా తొందరలో ఉన్నాడు" అన్నాడు. మీ బావ ముఖం చూడాలి నువ్వు. ఇంటికొచ్చి బూట్లు విప్పుతూ, "ఇకనుంచి కొనే ముందు నీకు చూపిస్తానే" అన్నాడు. ఆ మాట చివరిదాకా తప్పలేదు.

కాబట్టి నాకు తెలిసినదంతా ఆయనతో కలిసి నేర్చుకున్నదే. ఎవడైనా "మా తాతగారి పెట్టెలో దొరికింది, దాని విలువ నాకు తెలియదు" అంటే, వాడికి బాగా తెలుసునన్నమాట. ఊళ్ళో ధరలో సగానికే ఇస్తానంటే మిగతా సగం నాణెంలో ఉండదు. రెండు వైపులే కాదు, అంచు ఫోటో కూడా అడగాలి. ఎన్ని గ్రాములుందో, ఎంత వెడల్పుందో అడిగి పుస్తకంలో ఉన్న లెక్కతో సరిచూడాలి. ఇవాళ్టి తేదీ, నీ పేరు చీటీ మీద రాసి నాణెం పక్కన పెట్టి కొత్త ఫోటో తీయమను. వాడి దగ్గర నాణెమే లేకపోతే అక్కడే దొరికిపోతాడు. డబ్బు యాప్ బయట పంపమంటే, వెనక్కి తీసుకోనంటే, అక్కడితో నమస్కారం పెట్టెయ్యి. అసలుదే అయినా మెరిసిపోతుంటే ఆగి చూడు. పాతదాన్ని ఎవడో తోమి పాడుచేసి ఉంటాడు. అలాంటిది చూసినప్పుడల్లా మీ బావ, "ముసలమ్మకి పెళ్ళికూతురి ముస్తాబు" అనేవాడు. అత్తయ్య వినకుండా అనేవాడులే.

అయితే నువ్వు పంపిన కాగితం చూసి అది మోసమని చెప్పడానికి నాకు ఇవేవీ అక్కర్లేదు. ఎందుకు అక్కర్లేదో చెప్పకుండా ఇప్పటిదాకా దాటేస్తూ వచ్చాను. ఇక రాయాలి.

ఆ కాగితాన్ని మళ్ళీ తీసి చూడు. నాణేన్ని పట్టుకున్న బొటనవేలు చూడు. గోరు సగం దాకా నల్లగా, పక్కకి వంకరపోయి ఉంటుంది. లిఫ్టు తలుపులో పడి నలిగిన గోరది. అది మీ బావ చెయ్యి. ఆ నాణెం ఆయనదే. బతికుండగా నాణేలు సేకరించేవాళ్ళ ఫోను గ్రూపులో చూపించుకోవడానికి పెట్టుకున్న ఫోటో అది. ఎవడో దాన్ని ఎత్తుకుపోయి తన సరుకని పెట్టుకున్నాడు.

నాకది వేసవిలోనే కనబడింది. ఆయన ఫోనులో ఆ యాప్ ఖాతా మూసెయ్యడానికి తెరిస్తే, "మీకు నచ్చవచ్చు" అని ఆయన చేతినే ఆయన ఫోను చూపించింది. కింద ఎవరెవరో అడుగుతున్నారు. "ఇంకా ఉందా?" అని. వాడు జవాబిస్తున్నాడు. "ఉందండి" అని. మర్నాడు ఇంకొకరు. "ఇంకా ఉందా?" "ఉందండి." ఆ ఫోటో నా ఫోనులోనూ ఉంది చిన్నోడా, కానీ అది నేను తెరిస్తేనే తెరుచుకునేది. అక్కడ మాత్రం ముక్కూ మొహం తెలియనివాళ్ళు రోజూ వచ్చి అడుగుతున్నారు, ఉందని చెప్పేవాడు ఒకడున్నాడు. పొద్దున లేవగానే అది చూసి పనికి వెళ్ళేదాన్ని.

ఒకరోజు నేనూ కొన్నాను. నకిలీ వస్తుందని తెలిసే కొన్నాను. ఆయన ఖాతాలోంచే కొన్నాను కాబట్టి పార్శిలు ఆయన పేరు మీదే వచ్చింది. తలుపు దగ్గర అత్తయ్య అందుకుంది.

"ఏంటమ్మా ఇది?"

"నాణెం అత్తయ్యా."

"వాడు పోయే ముందు చెప్పి పెట్టిందా?"

"కాదు, నేనే తెప్పించాను."

ఆవిడ పెట్టె మీద కొడుకు పేరు చదువుకుని, చీర కొంగుతో దుమ్ము తుడిచి బల్ల మీద పెట్టింది. విప్పితే అనుకున్నట్టే తగరం రేకులాంటిది, గుంటలు గుంటలుగా. కోపం రావాలి కదా? రాలేదు.

అసలు చెప్పడానికి నోరు రానిది ఇది. ఆ తర్వాత ఒక అమ్మాయి అక్కడ రాసింది, "మా నాన్నకి బహుమతిగా ఇచ్చాను, అందరి ముందూ నకిలీ అని తేలింది, ఆయన నన్నే ఓదార్చాడు" అని. సాయంత్రానికి వాడు ఆ మాట తీసేశాడు. నేను చూశాను. ఫిర్యాదు చేస్తే చాలు, ఆ ప్రకటన పోతుంది. కానీ దాంతోపాటు ఆ చెయ్యీ పోతుంది. చూస్తూ ఊరుకున్నాను. వాడు నా భర్త చేతిని అడ్డం పెట్టుకుని జనాన్ని ముంచుతుంటే, ఏమీ పట్టనట్టు నా పని నేను చేసుకుంటూ పోయాను. చివరికి నీ ఉత్తరం మడతల్లో అదే చెయ్యి మా ఇంటికే వచ్చింది.

అందుకని నిన్న పొద్దున్నే యాప్‌వాళ్ళకి ఫిర్యాదు చేశాను. అసలు నాణెం మీ దగ్గరే ఉన్నట్టు ఫోటో పంపండి అన్నారు. అమ్మేశానని మీ అందరికీ అబద్ధం చెప్పాను చిన్నోడా. అందరూ "ఎదురుగా ఉంటే బాధ, తీసెయ్" అంటుంటే, ఆ మాట ఆగిపోవాలని అలా అన్నాను. ఒక్కటీ అమ్మలేదు. అన్నీ ఆయన చొక్కాల కింద ఉన్నాయి.

బీరువా తెరిచి ఓడ బొమ్మ తీశాను. ఆయన పట్టుకున్నట్టే వేళ్ళ మధ్య పట్టుకున్నాను. ఫోటో తీయమని అత్తయ్యకి ఫోనిచ్చాను.

"నీ చెయ్యి వణకట్లేదే" అంది.

"లేదత్తయ్యా."

"నాదే వణుకుతోంది. చెదిరిపోతుందేమో, ఇంకోటి తీస్తానుండు."

మూడోది బాగా వచ్చింది. పంపాను. మధ్యాహ్నం ల్యాబులో చూస్తే ఆ పేజీలో ఏమీ లేదు. "ఈ వస్తువు ఇప్పుడు లేదు" అని ఒక్క ముక్క ఉంది. రెండుసార్లు చదివి, ఫోను జేబులో పెట్టుకుని, సగంలో ఉన్న దంతాల అచ్చు పూర్తి చేశాను. సాయంత్రం అత్తయ్యకి చెప్పాను. "పోనీలే" అంది. బీరువా వైపు చూసి, "మన దగ్గరుందిగా" అంది.

నాకోసం నువ్వేమీ కొననక్కర్లేదు, నీకే కావాలంటే మా దగ్గరున్న ఓడ బొమ్మ తీసుకో. అది నీదే. అత్తయ్యనీ అడిగాను, ఇవ్వమంది. పోస్టులో మాత్రం పంపను, పార్శిళ్ళంటే నాకు విసుగొచ్చింది. నీకు సెలవు దొరికినప్పుడు రా. చేతికే ఇస్తాను. ఆ పూట ఏడుపొస్తే ఏడుస్తాను, రాకపోతే నువ్వు కంగారు పడకు. ఊరికే పక్కన కూర్చో.

ఇట్లు,
నీ మేలు కోరే
అక్క