నాలుగో ఫారం ముందు కుట్టిన పుస్తకం

పెద్దాడా, నీ నడుం ఎలా ఉంది? పొద్దస్తమానం బైండింగు బల్ల మీదికి వంగొద్దని చెప్పీ చెప్పీ నా నోరు నొప్పెట్టింది. పెద్ద కోడలా, నీ మోకాళ్ల వాపు తగ్గిందా? తగ్గిందని కబురు చేశావు గానీ నాకు నమ్మకం లేదు. చిన్నాడా, రంగుల వాసనకు వచ్చే దగ్గు పోయిందా? ముక్కుకు గుడ్డ కట్టుకుంటున్నానంటావు. ఆ గుడ్డ మడత విప్పకుండా నీ జేబులోనే ఉంటుంది, నాకు తెలుసు. చిన్న కోడలా, కళ్లజోడు మార్పించుకున్నావా? మనవరాళ్లిద్దరికీ జలుబు తగ్గిందా? నేను బాగానే ఉన్నాను. కంగారు పడకండి. కంగారు పడటానికి నేనున్నాను.

ఇది నా వీలునామా. ఎవరూ నన్ను బెదిరించి రాయించలేదు. నా బుద్ధి నిలకడగానే ఉంది. గ్యాసు కట్టేశానా లేదా అని నాలుగుసార్లు లేచి చూడటం మతి తప్పడం కాదు, జాగ్రత్త. ముందు దస్తావేజులు రాసే ఆయన దగ్గరికి వెళ్లాను. ఆయన రాసినదాంట్లో సగం మాటలు నాకు అర్థం కాలేదు. అర్థం కాని మాట వెనక ఏముందో ఎవరు చూడొచ్చారు? అందుకే నాకొచ్చిన నాలుగు అక్షరాల్లో నేనే రాస్తున్నాను. కొట్టివేత పక్కన నా సంతకం లేకపోతే ఆ కొట్టివేత నాది కాదు.

1. నేనుంటున్న రెండు గదులూ అద్దెవి. వాటికోసం ఎవరూ ఆశపడక్కర్లేదు.

2. మడత నొక్కే చెక్కబద్ద, మైనం ముద్ద, పెద్ద సూదులు పెద్దాడికి. ఐదు సూదులున్నాయి, లెక్క చూసుకో. గోడ గడియారం చిన్నాడికి. అది ఏడు నిమిషాలు ముందు నడుస్తుంది. నీకోసమే అలా పెట్టాను, సరిచేయకు. జన్మలో ఒక్కసారైనా వేళకు వెళ్లావా నువ్వు?

3. బీరువా పెద్ద కోడలికి. ఆమె ఒకరోజు టేపు పట్టుకుని దాన్ని కొలుస్తుంటే చూశాను. తెర కుట్టడానికంది. తెర కుట్టి తెచ్చింది కూడా. అయినా కొలత కొలతే. ఎలాగూ కొలత తీసుకున్నావు కదా, మీ గదిలో పడుతుందిలే. ఇస్త్రీపెట్టె చిన్న కోడలికి. వైరు చూసుకుని వాడు తల్లీ.

4. ఇక పుస్తకం. పెళ్లయిన కొత్తలో నుంచీ నేను ప్రెస్సులో ఫారాలు పేర్చి కుట్టేదాన్ని. ఫారం అంటే ఎనిమిది పేజీలు అచ్చయిన ఒక పెద్ద కాగితం మడత. ఇద్దరు రాజుల కథ ఒకటి పిల్లల పుస్తకంగా వచ్చింది, నాలుగు ఫారాలు. మొదటి ఫారంలో, ఈ రాజు పెరట్లో మొలిచిన సొరతీగ ఆ రాజు గోడమీద కాయ కాస్తుంది. రెండోదాంట్లో తిట్లు, ఉత్తరాలు. మూడోదాంట్లో యుద్ధం. నాలుగోదాంట్లో ఊళ్లు లేవు, జనం లేరు. ముసలి రాజులిద్దరూ విరిగిన వంతెన మీద కూర్చుని ఉంటారు.

ఆ రోజు పెద్దాడికి ఒళ్లు కాలిపోయే జ్వరం. నా ప్రాణం ఇంటి దగ్గరే ఉంది. వెలుతురు కోసమని ఎవరో బల్లను కిటికీ వైపు తిప్పారు, దాంతో ఫారాల దొంతరల వరస తిరగబడింది. నేను చూసుకోకుండా అలవాటుగా కుడివైపు నుంచి ఎత్తుకుంటూ పోయాను. నాలుగో ఫారం ముందు, మొదటిది చివర పెట్టి కట్ట మొత్తం కుట్టేశాను. ప్రెస్సు యజమాని అందరి ముందూ నీ చేతులకు కళ్లు లేవా అన్నాడు. ఇన్నేళ్లయినా ఆ మాట మరచిపోలేదు. చిత్తుకాగితాల్లో వేయమంటే అడిగి ఇంటికి తెచ్చుకున్నాను.

వీధిలో పిల్లలకు వాటినే చదివి వినిపించాను. ముందు వంతెన మీద ముసలాళ్లు. ఎందుకిలా అయ్యారని పిల్లలు అడుగుతారు. తర్వాత యుద్ధం. ఎందుకొచ్చిందంటారు. తర్వాత తిట్లు. చివరికి సొరతీగ పూత పూసి, గోడమీదికి మెల్లిగా పాకుతుంటుంది. ప్రతిసారీ అదే జరిగేది. సొరకాయకా, అని అందరూ ఒక్కసారి అరిచి నవ్వేవాళ్లు. కాసేపటికి ఎవరో ఒకరు మొదటి పేజీ తిప్పి ఆ ముసలాళ్ల బొమ్మ మళ్లీ చూసేవాళ్లు. అప్పుడు నవ్వేవాళ్లు కాదు. సరైన వరసలో కుట్టిన పుస్తకం కూడా చదివి చూశాను. యుద్ధం దగ్గరే కథ వదిలేసి, ఆడుకోవడానికి కత్తులు ఇవ్వమని పేచీ పెట్టారు.

ఒక్క కాపీ మిగిలింది. పెద్దాడా, నా భయం నీతోనే. నువ్వు మంచి బైండరువి. అమ్మ తప్పు నలుగురికీ కనబడకూడదని కుట్టు విప్పి వరస సరిచేస్తావు. ప్రేమతోనే చేస్తావు, అదే నా భయం. కుట్టు విప్పకూడదు. నా ముడి ఎలా ఉంటుందో నాకు తెలుసు.

5. ఆ పుస్తకం పెద్దాడి కూతురు పిడుగుకు, చిన్నాడి కూతురు నత్తకు ఉమ్మడిగా ఇస్తున్నాను. విడగొట్టడానికి లేదు. కారణం రాస్తాను. పోయిన నెల పరీక్షల సెలవుల్లో ఇద్దరూ ఒకేరోజు నా దగ్గరికి వచ్చారు. నేను పాలు కాచి తెచ్చేసరికి గదికి అడ్డంగా సుద్దగీత. ఇటు మాది, అటు మీది. మీ నాన్న మా నిచ్చెన విరగ్గొట్టాడే అని పిడుగు. మీ నాన్నకు నోరు పెద్దదే అని నత్త. ఆ నిచ్చెన మెట్టు విరిగి పదకొండేళ్లు. వీళ్లకు తొమ్మిదీ ఎనిమిదీ. గీత తుడిచాను గానీ మరక పోలేదు.

6. చెప్పకుండా పోతే నాకు ఊపిరాడదు. పెద్దాడా, నిచ్చెన నిక్షేపంగానే ఇచ్చానంటావు. నిజమే. చిన్నాడా, తీసుకున్నప్పటికే బీట వారి ఉందంటావు. అదీ నిజమే. మధ్యలో అది రెండు రోజులు నా గదిలో ఉంది. పుస్తకాల కట్ట అటక మీద పెడదామని ఎక్కాను. మూడో మెట్టు మీద కాలు వేయగానే టప్పుమంది. దిగిపోయాను. ఎవరికీ చెప్పలేదు. రేపు చెబుదాం రేపు చెబుదాం అనుకున్నాను. ఈలోగా మీ మాటలు ముదిరిపోయాయి. తర్వాత చెప్పడానికి భయమేసింది. అందరినీ అనుమానించే మనిషిని, నన్ను ఒక్కరూ అనుమానించలేదు.

7. దీన్ని అమలు జరిపే బాధ్యత మా ప్రెస్సులో అచ్చు అక్షరాలు పేర్చిన పాత కంపోజిటరుగారిది. ఆయన కునికిపాట్లు పడతారు, ఎవరైనా పక్కన కూర్చోండి.

నేను పోయాక చదవాల్సిన కాగితమే ఇది. కానీ అప్పటిదాకా మీరు ఆగితే పిల్లలు ఆగరు. అందుకే చెరో ప్రతి ఇప్పుడే పంపుతున్నాను. రెండూ పక్కపక్కన పెట్టి చూసుకోండి. ఒక్క మాట తేడా ఉన్నా ఎవరో చెయ్యి పెట్టినట్టే.

నవంబరు రెండో తేదీ, ఆదివారం.

సంతకం: పెద్దాడి అమ్మ, చిన్నాడి అమ్మ

సాక్షులు: పక్క వాటాలో బట్టలు కుట్టే ఆవిడ (చదవకుండా సంతకం పెట్టబోయింది, ఆపి చదివించాను), మందుల షాపు ఆయన (రెండుసార్లు చదివాడు, ఎందుకో?)

పుస్తకం అటక మీదే ఉంది. కరెంటు పని ఆయన చేత వెనక గోడ దాకా తోయించాను, ఒక్కరు వచ్చి పట్టుకుపోలేరు. ఆ విరిగిన నిచ్చెన కింద ఒకరు పట్టుకుంటేనే నిలబడుతుంది. పెద్దాడా, నిచ్చెన తీసుకురా. చిన్నాడా, నువ్వు పట్టుకో. పిల్లల్ని తీసుకురండి. నవంబరు పదహారు, ఆదివారం, పొద్దున్న పది గంటలకు.