ఎల్ బోర్డు ఎడమ కాలు

మార్చి 2, సోమవారం

మళ్ళీ కాలింది క్లచ్.

నిన్న పాత ఎయిర్‌స్ట్రిప్ మీద మా కార్ల క్లబ్ పోటీ. గ్రీన్ లైట్ పడింది. ఇంజన్ గొంతు చించుకుని అరిచింది, బండి మాత్రం మూలుగుతూ కదిలింది. పక్క లేన్ వాడు అప్పటికే సగం దూరం పోయాడు. ఆ తర్వాత వాసన. ఆ మాడు వాసన ఇవాళ్టికీ ముక్కులోనే ఉంది. మైకు పట్టుకున్నవాడు ఎల్ బోర్డు ఔట్ అన్నాడు. అందరూ నవ్వారు. నేను డ్రైవింగ్ స్కూల్ నడుపుతాను కదా, క్లబ్‌లో నా పేరు అదే. యాభైకి దగ్గర పడ్డ ఆడమనిషి స్పోర్ట్స్ కార్ తోలడమే వాళ్ళకి పెద్ద జోకు. నవ్వుకోనీ. నోరు నొప్పెట్టేది వాళ్ళకే.

తమ్ముడు నవ్వలేదు. అదే నాకు ఎక్కువ మండింది.

మార్చి 3, మంగళవారం

పొద్దున్నే తమ్ముడు వచ్చాడు. కూర్చోమంటే కూర్చోలేదు.

బండి మా బాబాయిది. పోయేముందు మా ఇద్దరి పేరునా పెట్టాడు. ఎర్ర రంగు, రెండు సీట్లు, మాన్యువల్. నేను తోలతాను, తమ్ముడు తుడుస్తాడు. వాడు తుడిస్తే అందులో మొహం చూసుకోవచ్చు. ఇన్నాళ్ళూ అలా సర్దుకున్నాం.

ఇక వాడి వల్ల కాదట. ఏడాది తిరక్కుండా ఇది రెండో క్లచ్ అన్నాడు. బాబాయి చేతిలో ఒకే క్లచ్ ఎన్నేళ్ళు నడిచిందో గుర్తుందా అన్నాడు. పళ్ళ డాక్టర్ ఒకాయన బండి మీద ఎప్పట్నుంచో కన్నేశాడట. ఇచ్చేద్దామన్నాడు. ఈ వయసులో నీకెందుకక్కా ఈ గోల అన్నాడు.

వయసు మాట ఎత్తగానే ఒళ్ళు మండిపోయింది. వచ్చే పోటీలో క్లచ్ వాసన వస్తే అమ్మెయ్, సంతకం నేనే పెడతా అనేశాను. రాకపోతే అమ్మకం మాట జన్మలో ఎత్తకూడదు. వాడు వెంటనే సరే అన్నాడు. అంత తేలిగ్గా ఒప్పుకున్నాడంటే, నేను మళ్ళీ కాలుస్తానని వాడికెంత నమ్మకమో చూడు.

మార్చి 6, శుక్రవారం

గ్యారేజీకి వెళ్ళాను. గేర్‌బాక్స్ దించి, పాత క్లచ్ ప్లేటు తీసి మెకానిక్ నా చేతిలో పెట్టాడు. గరుకుగా ఉండాల్సింది గాజులా నున్నబడింది. అంచులు నల్లగా మాడిపోయాయి. కాలు పెడల్ మీద పెట్టుకునే తోలుతున్నారా మేడమ్ అని అడిగాడు.

నన్నా? క్లచ్ మీద కాలు తీయండి, కాలు తీయండి అని ఊళ్ళో సగంమందికి చెప్పీ చెప్పీ నా నోరు అరిగిపోయింది. తాతకి దగ్గులు నేర్పుతున్నాడు ఈయన.

పోనీ రేసింగ్ క్లచ్ వేద్దాం, ఎంత బాదినా తట్టుకుంటుందన్నాడు. వద్దన్నాను. ఆడలేక మద్దెల ఓడనే రకం కాదు నేను. కంపెనీ క్లచ్చే బిగించమన్నాను. బాబాయి దాంతోనే గెలిచాడు.

మార్చి 9, సోమవారం

గోదాముల వెనక ఖాళీ సిమెంట్ రోడ్డు ఉంది. అక్కడ ప్రాక్టీస్.

ఒకసారి కాలు ఠక్కున తీసేశాను. చక్రాలు గిర్రున తిరిగాయి, బండి ఎగిరిపడింది, కింద ఎక్కడో ఠంగుమంది. ఇంకోసారి నెమ్మదిగా వదిలాను. వెంటనే సన్నగా అదే వాసన.

ఠక్కున వదిలితే గేర్‌బాక్స్ ఏడుస్తుంది. మెల్లగా వదిలితే క్లచ్ ఏడుస్తుంది. మధ్యలో ఏడవాల్సింది నేను. ఏడవలేదు, తిట్టుకుంటూ ఇంటికొచ్చాను.

మార్చి 10

కోపంగా ఉంది. రాయను.

మార్చి 12, గురువారం, మధ్యాహ్నం

ఇప్పుడే క్లాసు నుంచి వచ్చాను. చేతులు కడుక్కోకుండా రాస్తున్నాను.

నా దగ్గర ఒక నర్సమ్మ నేర్చుకుంటోంది. నా పక్కన కూర్చుంటే బ్రహ్మాండంగా తోలుతుంది. లైసెన్స్ టెస్టుకి వెళ్తే చాలు, మధ్యలో ఇంజన్ ఆపేసుకుని తిరిగొస్తుంది. కంగారు మనిషి, అంతే అనుకున్నాను. ఇవాళ ఎత్తు రోడ్డులో సిగ్నల్ దగ్గర ఆగాం. ఆవిడ ముందుకే చూస్తూ, మీ కాలు తీసేస్తారా అంది. బండి నేను నడుపుతున్నానా మీరా అని అడిగింది.

కిందకి చూశాను. స్కూల్ కారులో నా వైపు కూడా క్లచ్, బ్రేకు ఉంటాయి. నా ఎడమ కాలు క్లచ్ మీద ఉంది. సగం తొక్కి ఉంది. నేను పెట్టలేదు. ఒట్టు, నేను పెట్టలేదు. కాలు దానంతటదే వెళ్ళి కూర్చుంది.

ఎన్నేళ్ళ అలవాటు ఇది! పక్కన కూర్చున్నవాళ్ళు తడబడితే బండి ఆగిపోకుండా పట్టుకోవడమే నా కాలు చేసే పని. హాఫ్ క్లచ్‌లో పట్టుకుంటుంది, కుదుపు రాకుండా సర్దుతుంది, నన్ను అడగను కూడా అడగదు. మరి పోటీలో మాత్రం ఊరుకుంటుందా? లైటు కోసం ఎదురుచూస్తున్నంతసేపూ ఇంజన్ రంయ్‌మంటుంటే అది హాఫ్ క్లచ్‌లోనే నిలబడి ఉంటుంది. బండి కదిలాక కూడా పెడల్ మీదే వేలాడుతూ ఉంటుంది, ఎవరినో పట్టుకోవడానికి. అక్కడ పట్టుకోవడానికి ఎవరున్నారు? తోలుతున్నది నేనే కదా. ప్లేటు మాడక చస్తుందా.

కాలు తీసేశాను. నర్సమ్మ వెంటనే ఇంజన్ ఆపేసుకుంది. వెనక హారన్లు. మళ్ళీ ఆపేసుకుంది. వెనకవాడు కిటికీలోంచి తల బయటపెట్టి తిట్టాడు. నేనూ తల బయటపెట్టి తిట్టాను. ఈలోపు ఆవిడ కదిలించేసింది.

మార్చి 14, శనివారం

మందపాటి బూట్లు పారేశాను. పల్చటి కాన్వాస్ బూట్లు వేసుకుంటే పెడల్ ఎక్కడ పట్టుకుంటోందో అరికాలికి తెలుస్తోంది.

లైన్ దగ్గర క్లచ్ అడుగంటేదాకా తొక్కి ఉంచాలి. సగం కాదు, మొత్తం. ఇంజన్ ఒక స్థాయిలో నిలబెట్టాలి, బూతులు తిట్టినట్టు రెచ్చగొట్టకూడదు. లైటు పడగానే పట్టుకునే చోటుదాకా గబుక్కున రావాలి. పట్టిందని తెలిసిన మరుక్షణం ఒకే ఊపులో పూర్తిగా వదిలేసి, కాలు తీసి ఎడమ పక్కనున్న ఫుట్‌రెస్ట్ మీద పడేయాలి. చక్రాలు కాస్త తిరిగితే తిరగనీ, టైరు అరిగితే టైరు మారుద్దాం. ఒకసారి ఇలా లైన్ నుంచి దూకించాక వెంటనే ఇంకోసారి దూకించకూడదు. కాలు తీసేసి గోదాముల చుట్టూ మెల్లగా తిప్పుకొస్తే క్లచ్ చల్లబడుతుంది.

చెప్పడం తేలికే. కాలు మాట వినదు. ఫుట్‌రెస్ట్ మీద పడేసిన కాలు మళ్ళీ దొంగచాటుగా పెడల్ ఎక్కుతోంది. చాచి కొట్టాను దాన్ని, నా కాలినే. సాయంత్రానికి దారికొచ్చింది. వాసన లేదు. ఒక్కదాన్నే కూర్చుని పగలబడి నవ్వాను.

మార్చి 18, బుధవారం

నర్సమ్మ పాసయింది. మీ కాలు లేకుండా నేర్చుకోబట్టే పాసయ్యానంది. గురువుకి దక్కిన మర్యాద ఇదీ.

మార్చి 21, శనివారం

రేపే. భయంగా ఉంది. ఉండనీ, భయపడుతూనే తోలతాను.

మార్చి 22, ఆదివారం, సాయంత్రం

తమ్ముడు పళ్ళ డాక్టర్ని వెంటబెట్టుకొచ్చాడు. ఆయనవి తెల్లబూట్లు, నల్లకళ్ళజోడు. అప్పుడే బండి తనదైనట్టు చుట్టూ తిరిగి చూశాడు.

ఈసారి ఒక్కొక్కరికీ మూడు రన్‌లు. మొదటి రన్ ఓడిపోయాను. తమ్ముడు పరిగెత్తుకొచ్చి చక్రం దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని వాసన చూశాడు. ఏమీ రాలేదు. తర్వాతి రన్ గెలిచాను. మళ్ళీ వాసన చూశాడు. ఆ తర్వాతదీ గెలిచాను. ఎల్ బోర్డు గెలిచిందని మైకువాడే చెప్పాల్సొచ్చింది. వాడి మొహం చూస్తే నాకు కడుపు నిండిపోయింది. తమ్ముడు లేచి మోకాళ్ళు దులుపుకున్నాడు. వాసన లేదని ఒప్పుకున్నాడు, నేల చూస్తూ.

అక్కడితో అయిపోవాలి. కానీ డాక్టర్ ఒక్కసారి తను తోలి చూస్తానన్నాడు. తమ్ముడు నన్ను అడగనైనా అడక్కుండా తాళం ఇచ్చేశాడు. క్లబ్ వాళ్ళూ ఒక రన్‌కి లేన్ వదిలారు. ఆ మనిషితో బండిని ఒంటరిగా పంపలేక పక్కసీట్లో ఎక్కాను.

లైన్ దగ్గర ఆయన ఇంజన్ని అరిపించాడు. కాలు హాఫ్ క్లచ్‌లో. నా ఎడమ కాలు దబ్బున కిందకి వెళ్ళింది. కింద ఉత్త మ్యాట్. ఈ బండిలో నా వైపు పెడల్ లేదు. కాలు తీయండి సార్ అన్నాను. తనకి తెలుసన్నాడు. కాలు తియ్యవయ్యా అని అరిచాను. లైటు పడింది. వాసన, పొగ, అన్నీ వచ్చాయి. బండి ఒగరుస్తూ కాస్త దూరం పోయి ఆగింది.

ఆయన దిగి, బండిలోనే లోపముంది, తనకొద్దన్నాడు. తమ్ముడు మాత్రం ఒప్పందం ఒప్పందమే, పోటీలో వాసన వచ్చిందిగా అన్నాడు. ఎవరి కాలు, ఎవరిచ్చిన తాళం అని అందరి ముందూ కడిగేశాను. అమ్మను. సంతకం పెట్టను. ఏం చేసుకుంటావో చేసుకో అన్నాను.

మార్చి 24, మంగళవారం

తమ్ముడు వచ్చాడు. ఈసారి కూర్చున్నాడు. చాలాసేపు తాళంతో ఆడుకున్నాడు.

ఆ బండి తనెప్పుడైనా తోలడం చూశావా అక్కా అని అడిగాడు. లేదు. చూడలేదు. ఒకసారి ప్రయత్నించాడట, బాబాయి పోయిన కొత్తలో, ఎవరూ చూడకుండా. గేటు కూడా దాటలేదట. ఇంజన్ ఆగిపోవడం, మళ్ళీ ఆగిపోవడం. నీ పక్కన కూర్చుని నేర్చుకున్నప్పుడు ఒక్కసారి కూడా ఆగలేదక్కా అన్నాడు. తనకి చేతకాదనుకున్నాడట. తోలలేని బండి కళ్ళ ముందు లేకపోతే బాగుండుననుకున్నాడట.

వాడికి నేర్పింది నేనే. స్కూల్ కారులో. నా కాలుతో.

అప్పుడూ గొడవకే దిగబోయాను, మధ్యలోనే మానేశాను. క్షమించమని అడగలేదు. వాడి చేతిలో తాళం నేను వెనక్కి తీసుకోలేదు.

ఏప్రిల్ 12, ఆదివారం

కొత్త క్లచ్. గోదాముల వెనక రోడ్డు. స్టీరింగ్ దగ్గర తమ్ముడు. నేను సీట్లో కాళ్ళు మడిచి పైకి పెట్టుకుని కూర్చున్నాను.

పళ్ళ డాక్టర్ ఫోన్ చేశాడు, మనసు మారిందట. బండి అమ్మకానికి లేదండీ, నేను నేర్చుకుంటున్నా అన్నాడు తమ్ముడు. ఫోన్ నా ఒళ్ళో పడేసి, మళ్ళీ ఇంజన్ ఆపేసుకున్నాడు.