బ్రేకు రబ్బర్ల బరువు

తమ్మీ,

నువ్వు పోయి ఇయ్యాల్టికి ఏడాది. ఇంట్ల అందరు ఏడుస్తున్నరు. నాకైతే కోపమే వస్తున్నది.

నువ్వు సగంల ఇడిసిపెట్టిన రిమోట్ థర్మకోల్ ఇమానం నేనే పూర్తి చేసిన. రెక్క అతికేతందుకు పంక్చర్ సొల్యూషన్ రాస్తే, థర్మకోల్ కరిగి ఇంత బొక్క పడ్డది. గిదన్న చెప్పి సావలేదు గదరా! మళ్ల మైదాపిండి ఉడకేసి, కాయిదం అతికిచ్చి సక్కజేసిన.

తాండూరు బండల కార్ఖానా ఎనక బీడుల మూడుసార్లు ఎగరేసిన. మూడుసార్లు ముక్కు పైకెత్తి కూలింది. తోక బరువైంది, ముక్కుల జర బరువు పెట్టాలె. నువ్వేమో బరువంటే పామును జూసినట్టు ఉరికేటోనివి. ఇమానానికి చక్రాలు పీకినవ్. నీ సైకిల్‌కు బ్రేకులు గూడ పీకి, "అక్కా, మస్తు అల్కగైంది" అని నవ్వినవ్. వద్దురా అని మొత్తుకున్న. ఇన్నవా? గా సైకిల్ మీదనే వికారాబాద్‌ల అనంతగిరి ఘాటు దిగుకుంట లారీ కింద పడ్డవ్.

గా బ్రేకు రబ్బర్లు నీ రేకు డబ్బల దొరికినయ్. తీస్కపోయి ఇమానం ముక్కుల కట్టిన. ఇయ్యాల పొద్దుగాల రిమోట్ డబ్బ చేతుల పట్టుకొని మళ్ల ఎగరేసిన. నువ్వు చెప్పినట్టే గాలిల రెండు పల్టీలు కొట్టింది. కొట్టి, సక్కగ నా కాళ్లకాడికి వచ్చి దిగింది.

నువ్వు పీకేసిన బరువుతోనే దిగిందిరా, ఒక్క గీత పడకుంట.

అక్క